నడిపేవాడు కడగడు

వెంకట్రామయ్య ఇంట్లో పనుల పంపకం పెళ్ళయిన నెలలోపే తేలిపోయింది. స్కూటర్ నడపడం ఆయన పని, కడగడం ఝాన్సీలక్ష్మి పని. తర్వాత కారు వచ్చింది. అద్దాల దగ్గర్నుంచి కాళ్ళ కింద రబ్బరు పట్టాల దాకా ఆమే తుడిచేది. ఎప్పుడైనా నోరు తెరిచి అడిగితే, "నడిపేవాడు కడగడే, మా నాన్న కూడా అంతే," అనేవాడు. వాళ్ళ నాన్న తోలింది ఎడ్లబండి, ఎడ్లను కడిగింది పాలేరు. ఆ సంగతి ఝాన్సీకి తెలుసు. గుర్తు చేస్తే ఆ పూట అన్నం మానేసి కూర్చుంటాడని కూడా తెలుసు కాబట్టి ముప్పై ఏళ్ళుగా ఊరుకుంది.

అందుకని తెనాలిలో వాళ్ళింటి ముందు లారీలోంచి జెట్ స్కీ దిగిన రోజున, దాన్ని ఎవరు కడగాలన్న చర్చ రాలేదు.

అది రావడానికి కారణం వెంకట్రామయ్య తోడల్లుడు. ఆ మహానుభావుడు బ్యాంకాక్ వెళ్ళి, జెట్ స్కీ మీద కూర్చుని దిగిన ఫొటోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దానికి నలభై దండాలు, పదిహేడు చప్పట్లు వచ్చాయి. వెంకట్రామయ్యకు ముద్ద దిగలేదు. అద్దెకు ఎక్కి కూర్చున్నవాడికే ఇన్ని దండాలొస్తే, సొంతంగా కొన్నవాడికి ఎన్ని రావాలి? ఆయనకు దుగ్గిరాలలో పసుపు కోల్డ్ స్టోరేజీ ఉంది, మాగాణి ఉంది, నలుగురిలో మాట చెల్లుబాటు ఉంది. లేనిది ఈత ఒక్కటే. ఈత రానివాడికి నీళ్ళ మీద నడిచే బండి ఎందుకని గోవాలో అమ్మినవాడు అడగలేదు, ఈయన చెప్పలేదు.

బండికి పూజ జరిగింది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలి గదా, దీనికి చక్రాలేవి? పంతులుగారు కాసేపు చుట్టూ తిరిగి చూసి, చివరికి దాన్ని కారు వెనక లాక్కెళ్ళే ట్రైలరు చక్రాల కింద పెట్టించి గండం గట్టెక్కారు.

మర్నాడు హిదాయతుల్లా వచ్చాడు. చెంచుపేటలో ఆయనకు ఇంజన్ల షెడ్డు ఉంది. నిజాంపట్నం మరబోట్ల నుంచి పొలాల్లో ఆయిలింజన్ల దాకా ముప్పై ఏళ్ళుగా ఆయన చేతిలో దగ్గనిది, తుమ్మనిది లేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు తీసి, లోపలికి లైటు వేసి చూసి, ఎలా వాడాలో చెప్పడం మొదలుపెట్టాడు. వెంకట్రామయ్య వింటూ వింటూ తోడల్లుడి ఫోన్ రాగానే వీధిలోకి వెళ్ళిపోయాడు. వినడానికి ఝాన్సీ మిగిలింది. ఆమె క్యాలెండరు వెనక రాసుకుంది.

"సముద్రం నీళ్ళు తాగొచ్చిన బండమ్మా ఇది. ఇంటికి రాగానే పైపు తగిలించి దీనికి మంచినీళ్ళు పట్టాలి," అన్నాడు హిదాయతుల్లా. "ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. తిరగేశారంటే నీళ్ళు ఇంజన్లోకెక్కి కూర్చుంటాయి."

"ఇంకా?"

"వెనకమాల ఈ రెండు బిరడాలున్నాయి చూడండి. ఒడ్డున ఉన్నప్పుడు తీసేస్తే లోపలి తడి కారిపోద్ది. నీళ్ళలో దించేముందు మర్చిపోకుండా బిగించాలి. మర్చిపోతే బండి మునుగుద్ది, అంతే. మోకాల్లోతులో స్టార్ట్ చెయ్యకూడదు, అడుగున దీనికి నోరుంది, ఇసక లాగేసుద్ది. నడుం లోతు దాటాలి. ఈ ఎర్ర తాడు ఒక కొస బండికి, ఇంకో కొస మణికట్టుకి. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోద్ది. తాడు లేందే స్టార్టే అవదు."

"మరి బ్రేకు ఏదండీ?"

"లేదమ్మా. అదే చెప్పబోతున్నా. యాక్సిలరేటరు నొక్కి గ్యాసు ఇస్తేనే పక్కకి తిరుగుద్ది ఇది. గ్యాసు వదిలేసి హ్యాండిలు ఎంత తిప్పినా తిన్నగా పోద్ది. అడ్డం వచ్చినప్పుడు భయపడి చెయ్యి వదిలేసినోడు పోయి గుద్దుకుంటాడు. కాస్త గ్యాసిచ్చి పక్కకి తిప్పుకోవాలి."

వీధిలోంచి వెంకట్రామయ్య గొంతు వినిపిస్తూనే ఉంది. ఒట్టి రెండు చక్రాల బండి లాంటిదేనోయ్, చేతిలో పనంటున్నాడు.

మొదటి ఆదివారం బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో ఆ పని ఏపాటిదో తేలింది. బిరడాలు ఝాన్సీ బిగించింది. వాటిని ఆమె పాత కళ్ళజోడు డబ్బాలో దాచి తెచ్చింది. అసలు అలాంటివి ఉన్నాయని కూడా ఆయనకు తెలియదు. ఎర్రతాడును వెంకట్రామయ్య మణికట్టుకు కట్టుకోలేదు. ఆ చేతికి బంగారు కడియం ఉంది, ఫొటోలో అది కనపడాలి. తాడు తీసి హ్యాండిలుకు చుట్టేశాడు. అలల దాకా బాగానే వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు ఎదురుగా కనిపించేసరికి గుండె జారి గ్యాసు వదిలేశాడు. హ్యాండిలు ఎటు తిప్పినా ఆ బండి తిన్నగా వచ్చి, ఇసకలో దూసుకుపోయి, మొక్కజొన్న కండెలు కాల్చే ముసలమ్మ కుంపటికి బారెడు దూరంలో ఆగింది. ముసలమ్మ విసనకర్ర పట్టుకుని లేచి నిలబడింది. వెంకట్రామయ్య దిగి, అంతా అనుకున్నట్టే జరిగిన మనిషిలా జుట్టు సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఆర్నెల్లపాటు ప్రతి ఆదివారమూ అదే వరస. ఆయన నీళ్ళ మీద, ఆమె ఒడ్డు మీద. ఆయన చెప్పులు, వాచీ, ఫోను, జేబురుమాలు ఆమె చేతుల్లో. సాయంత్రం తెనాలి చేరగానే ఒళ్ళు నొప్పులంటూ ఆయన వేడినీళ్ళకు వెళ్ళేవాడు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని పైపు తగిలించేది. ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. ఆ మూడు నిమిషాలూ ఝాన్సీ సీటు మీద ఎక్కి కూర్చుని హ్యాండిలు పట్టుకునేది. గుమ్మం ముందు సిమెంటు నేల మీద, ట్రైలరు పైన, ఎక్కడికీ కదలని బండి. అయినా అరచేతుల్లో ఆ ఇంజను వణుకు మాత్రం నిజమైనదే.

ఆమెది కొల్లూరు. పుట్టింది కృష్ణ ఒడ్డున, ఆడింది నది మధ్య లంకల్లో. తొమ్మిదో ఏటికే అరటిగెలల పడవ పట్టుకుని ఈదుకుంటూ లంకకు వెళ్ళి వచ్చేది. పెళ్ళయ్యాక ఒంటికి తగిలిన నీళ్ళు స్నానాల గదివీ, అంట్లవీ, ఈ పైపువీ. ఆ బండి మీద ఒక్కసారి నీళ్ళ మీదికి పోవాలని ఆమెకు ఎంత కోరిక పుట్టిందంటే, యాభై రెండేళ్ళ వయసులో ఇదేం పిచ్చి అని తనే సిగ్గుపడింది. సిగ్గుపడింది గానీ కోరిక పోలేదు.

అడిగింది. "వచ్చే ఆదివారం చూద్దాంలే," అన్నాడు. వచ్చే ఆదివారం గాలి ఎక్కువైంది. ఆపై ఆదివారం ఎండ. ఆపైన జనం. ఒకసారి చీర అడ్డం, ఒకసారి అమావాస్య. గట్టిగా అడిగిన రోజున మాత్రం ఆయన నవ్వి, "కడగటం వచ్చినంత మాత్రాన నడపటం వస్తదంటే, మన అంట్లు తోమే ధనమ్మకి వంట వచ్చెయ్యాలి గదే," అన్నాడు. ధనమ్మ చేపల పులుసు పెడితే వీధి చివరిదాకా వాసన వస్తుందని ఝాన్సీకి తెలుసు. ఈయనకు తెలిసే వీలు లేదు, ధనమ్మ ఇంటికి ఎప్పుడు వెళ్ళాడు గనక.

ఈలోగా వెంకట్రామయ్యకు సూర్యలంక చాల్లేదు. ఒక సంఘం పుట్టింది. దాని పేరు డెల్టా జలక్రీడల సంఘం. అధ్యక్షుడు వెంకట్రామయ్య, కార్యదర్శి ఫ్లెక్సీలు వేసే జీవన్ కుమార్. సభ్యుల సంగతి తర్వాత చూసుకోవచ్చని ఇద్దరూ కలిసి ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. ప్రారంభోత్సవం రేపల్లె పక్కన పెనుమూడి రేవులో, కృష్ణ మీద పెట్టారు. సంఘం తరఫున అధ్యక్షుడికి సన్మానం, తర్వాత అధ్యక్షుడి జలవిన్యాసాలు. అంటే తనకు తానే సన్మానం చేసుకుని తనే ఆడి చూపించడం.

"అక్కడ మీ తర్వాత ఒక్క చుట్టు నేను తిరుగుతా," అంది ఝాన్సీ. ఆ మాట హిదాయతుల్లా ఎదుటే అంది. ఆయన బ్యాటరీ చూడటానికి వచ్చి ఉన్నాడు. పరాయి మనిషి ముందు కాదంటే బాగుండదు కాబట్టి వెంకట్రామయ్య సరేనన్నాడు. "అమ్మగారికి మీకంటే ఎక్కువ తెలుసు సార్," అని హిదాయతుల్లా నవ్వాడు. వెంకట్రామయ్య నవ్వలేదు.

ఝాన్సీ చుడీదార్ కుట్టించుకుంది. ముదురు నీలం రంగు. కుట్టిన అమ్మాయి ఎవరికి అని అడిగితే నాకే అని చెప్పడానికి ఆమెకు కాస్త ధైర్యం కావాల్సి వచ్చింది.

పెనుమూడి రేవులో పొద్దున పదింటికే జనం చేరారు. ఫ్లెక్సీలో వెంకట్రామయ్య ఒక పెద్ద అల మీద నిలబడి ఉన్నాడు. అల జీవన్ కుమార్ కంప్యూటర్లోది. కింద 'జలవీర' అని రాసుంది. ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు. జీవన్ కుమార్ మైకు పట్టుకుని, జరీ అంచు ఎర్రశాలువా తీసి ఆయనకు కప్పాడు. దాన్ని చూడగానే ఝాన్సీ గుర్తుపట్టింది. అది వాళ్ళ బీరువాలోదే. ఇంతకుముందు మూడు సభల్లో ఆయనకే కప్పారు. ప్రతిసారీ ఇంటికొచ్చాక ఆమే మడతపెట్టి కలరా ఉండ వేసి దాచింది.

చప్పట్లయ్యాక ఆమె పక్కకు వచ్చి, "మీ తర్వాత నేనేగా," అని అడిగింది.

వెంకట్రామయ్య ఆమె చుడీదార్ వైపు అప్పుడే చూశాడు. "ఇంతమంది ముందు ఏంటే ఇది. రేపల్లె అంతా ఇక్కడే ఉంది. వచ్చే ఆదివారం చూద్దాంలే."

"సరేనన్నారుగా."

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. ఆ చెప్పులు పట్టుకో."

ఆమె చెప్పులు పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆయన ఆమెను చాలా మాటలన్నాడు గానీ, ఏ మాటా ఇంత లోతుగా దిగలేదు. ఏడిస్తే ఆయన గెలిచినట్టవుతుందని, వంగి బిరడాలు బిగించింది. ఒక్క క్షణం వాటిని బిగించకుండా వదిలేద్దామా అనిపించింది. ఆయనకు ఈత రాదని గుర్తొచ్చి ఇంకో చుట్టు గట్టిగా బిగించింది.

హిదాయతుల్లా నీళ్ళలోకి దిగి బండిని నడుం లోతు దాకా తోశాడు. "శాలువా తీసెయ్యండి సార్. అడుగున నోరుంది దానికి. ఏది అందితే అది లాగేసుద్ది."

"వీడియో తీస్తున్నారయ్యా. శాలువా లేకపోతే సన్మానం అయినట్టు ఎట్టా తెలుసుద్ది?" అని వెంకట్రామయ్య లైఫ్ జాకెట్ మీదుగా శాలువాను మెడ చుట్టూ తిప్పి భుజం మీద వేసుకున్నాడు. ఎర్రతాడు హ్యాండిలుకు వేలాడుతోంది. బండి గర్జించింది.

రెండు చుట్లు చూడముచ్చటగా తిరిగాడు. శాలువా వెనక జెండాలా ఎగిరింది. మూడో చుట్టులో జనం వైపు చెయ్యి ఊపడానికి ఒక చెయ్యి తీశాడు. శాలువా జారింది. నీళ్ళలో పడింది. బండి కిందనుంచి ముక్కు మూసినట్టు ఒక మూలుగు వినిపించి, ఇంజను ఆగిపోయింది.

అప్పుడు ఆటు సమయం, సముద్రం అక్కడికి దగ్గరే. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. బండి మెల్లగా రేవుకు దూరం జరగడం మొదలైంది. వెంకట్రామయ్య రెండు చేతులూ ఎత్తి ఊపాడు. జనం కూడా రెండు చేతులూ ఎత్తి ఊపారు. ఆయన ఏదో అరిచాడు. జీవన్ కుమార్ మైకులో, "అధ్యక్షులవారు నది మధ్య నుంచి మనందరికీ అభివాదం చేస్తున్నారు, గట్టిగా చప్పట్లు కొట్టాలి," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు.

ఇంజను మాట ఎరిగినవాళ్ళు ఆ రేవులో ఇద్దరే. ఝాన్సీ హిదాయతుల్లా వైపు చూసింది. ఆయన అప్పటికే సంచిలోంచి కత్తి తీస్తున్నాడు.

"మింగేసిందమ్మా. బయటకు లాగండి, రాకపోతే కొయ్యండి. తాడు తీయకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు."

ఝాన్సీ చెప్పులు కింద పడేసి, కత్తి అందుకుని, ఇంకో లైఫ్ జాకెట్ తగిలించుకుని, ఒడ్డున వల సర్దుకుంటున్న నాంచారయ్య దగ్గరికి నడిచింది. "తమ్ముడూ, పడవ తియ్యి. మా ఆయన సముద్రానికి పోతున్నాడు."

నాంచారయ్య నది వైపు చూశాడు. "చేతులూపుతున్నాడు గదక్కా."

"ఊపుతూనే పోతాడు. తియ్యి."

పడవ బండి దగ్గరికి చేరేసరికి వెంకట్రామయ్య ముఖం సున్నం కొట్టినట్టుంది. మనుషులు కనపడగానే మాట మాత్రం తిరిగొచ్చింది. "బండి పాడైపోయింది. ఆ హిదాయతుల్లా ఏదో చేసుంటాడు. నమ్మి ఇస్తే ఇంతే."

"శాలువా ఏదండీ?" అంది ఝాన్సీ.

ఆయన కుడి భుజం తడుముకున్నాడు. తర్వాత ఎడమ భుజం.

నాంచారయ్య బండికి తాడు కట్టి దగ్గర్లోని ఇసకమేట పక్కకు లాగాడు. అక్కడ నడుం లోతు. వెంకట్రామయ్యను పడవలోకి ఎక్కించారు. ఆయన రొయ్యల బుట్టకూ వలకూ మధ్య ఒదిగి కూర్చున్నాడు. ఝాన్సీ నీళ్ళలోకి దిగింది. ఎర్రతాడు పీకేసి, నాంచారయ్య సాయంతో బండిని వెనకమాల అంటించిన బొమ్మలో చూపిన పక్కకు ఒరిగించి, అడుగున కడ్డీల మధ్య చెయ్యి పెట్టింది. జరీ అంచు చేతికి తగిలింది. లాగితే బారెడు వచ్చింది, మిగతాది కోయాల్సి వచ్చింది. నాలుగు సభల గౌరవం నాలుగు పీలికలుగా బయటికి వచ్చింది. వాటిని ఒక్కొక్కటే పడవలో ఆయన ఒళ్ళో వేసింది.

బండిని లోతుకు తోసి, ఎక్కి, ఎర్రతాడును మణికట్టుకు బిగించుకుంది. మీట నొక్కింది. ఒకసారి దగ్గి, ఇంజను అందుకుంది.

"దిగు. నేను తెస్తా," అన్నాడు వెంకట్రామయ్య పడవలోంచి.

"వెనక సీటు ఖాళీగా ఉంది. కూర్చుంటే కూర్చోండి."

"నీ వెనకా? జనం చూస్తున్నారే."

"అయితే పడవలో రండి. వాళ్ళకి రొయ్యలు కొత్తేం కాదు."

ఆయన రేవు వైపు చూశాడు, రొయ్యల బుట్ట వైపు చూశాడు, కదల్లేదు. ఝాన్సీ గ్యాసు ఇచ్చింది.

తిన్నగా రేవుకు వెళ్ళలేదు. ముందు ఎగువకు, కొల్లూరున్న దిక్కుకు తిప్పింది. వంతెన నీడ దాటింది. ముఖాన నీళ్ళు కొడుతుంటే కళ్ళు మూతపడలేదు. అరచేతుల్లో అదే వణుకు, కానీ ఈసారి కింద సిమెంటు లేదు, కృష్ణ ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి హాయిగా ఏడ్చింది, ఏడుస్తూనే ఇంకాస్త గ్యాసు ఇచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడికీ పోలేదని, ఇన్నాళ్ళూ చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడిందని ఆమెకు అర్థమైంది.

తిరిగొచ్చేటప్పుడు రేవు మెట్లు ఎదురుగా పరిగెత్తుకొచ్చాయి. ఆమె చెయ్యి వదల్లేదు. కాస్త గ్యాసిచ్చి పక్కకు తిప్పి, నడుం లోతు ఉన్నచోటే ఇంజను ఆపింది. మైకులో జీవన్ కుమార్, "అధ్యక్షులవారి సతీమణి గారు బండిని నడుపుతుండగా, అధ్యక్షులవారు పడవలో నుంచి పర్యవేక్షిస్తున్నారు," అన్నాడు. ఈసారి చప్పట్లు ఎవరూ చెప్పకుండానే పడ్డాయి. పర్యవేక్షణ ముగించుకుని, ఒళ్ళో పీలికలతో అధ్యక్షులవారు పావుగంట తర్వాత దిగారు. హిదాయతుల్లా బండి అడుగున చెయ్యి పెట్టి తడిమి, లోపల తిరిగే రెక్కల మీద గీత కూడా పడలేదన్నాడు.

సాయంత్రానికి తెనాలి చేరారు. ఇల్లు చేరగానే వెంకట్రామయ్య అలవాటు ప్రకారం తువ్వాలు భుజాన వేసుకుని, "ఒళ్ళు పులిసిపోయింది, వేడినీళ్ళు పెట్టు," అంటూ లోపలికి నడవబోయాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఝాన్సీ కూర్చుని ఉంది. ఆయన కాళ్ళ ముందు పైపు పడి ఉంది.

"ఏంటిది?"

"పైపండీ. అక్కడి నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. ఇంజను కడగాలి."

"నువ్వు కడగవా?"

"ఇవాళ నడిపింది నేను. నడిపేవాళ్ళు కడగరుగా."

ఆయన వీధిలోకి చూశాడు. ఎదురింటి అరుగు మీద ధనమ్మ చేటలో బియ్యం పెట్టుకుని ఇటే చూస్తోంది. పైపు తగిలించి, నేరుగా కొళాయి దగ్గరికి నడిచాడు.

"ముందు ఇంజను, తర్వాత నీళ్ళు," అంది ఝాన్సీ.

కొళాయి వదిలేసి వచ్చి మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "స్టార్ట్ అవటం లేదే."

ఎర్రతాడు ఇంకా ఆమె మణికట్టుకే ఉంది. లేచి వచ్చి, విప్పి, తగిలించి వెళ్ళి కూర్చుంది. మూడు నిమిషాలు లెక్క చూసింది. నీళ్ళు ఆపించింది, ఇంజను ఆపించింది. "ఇప్పుడు వెనకమాల రెండు బిరడాలు తీయండి," అంది.

ఆయన వంగి వెనకంతా వెతికాడు. "దీనికి బిరడాలుంటాయా?"

ఆర్నెల్లుగా తను మునిగిపోకుండా ఎందుకు తేలుతున్నాడో వెంకట్రామయ్యకు అప్పుడు తెలిసింది. చేతిలో తడి బిరడాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, గొంతులో కాస్త అధ్యక్షత మిగుల్చుకుని, "వచ్చే ఆదివారం సూర్యలంకలో మాత్రం నేనే నడుపుతా," అన్నాడు.

ఝాన్సీ ఎర్రతాడు తీసి తన మణికట్టుకు చుట్టుకుని, బిరడాల కోసం కళ్ళజోడు డబ్బా తెరిచి పట్టుకుంది.

"చూద్దాం లెండి," అంది.